నర్సరీ వెబ్‌సైట్‌లో మొక్కల ఫోటోలు: ముందు వెడల్పు, ఆ తర్వాతే కాష్

మీ ప్రశ్న సారం ఇదీ. కడియపులంకలో నర్సరీ ఉంది, సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద మొక్కల కేటలాగ్ ఉంది, అందులో 1,200 పైచిలుకు ఫోటోలున్నాయి. ఆఫీసులో ఫైబర్ కనెక్షన్ మీద సైటు బాగానే తెరుచుకుంటోంది, కొనేవాళ్ల ఫోన్లలో మాత్రం పది సెకన్లు దాటుతోంది. ఫోటోలు కుదించే కంప్రెషన్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) పెట్టారు, ఒకసారి తయారైనదాన్ని దాచి మళ్లీ వాడే కాష్ ప్లగిన్ పెట్టారు, పెద్దగా మారలేదు. పైగా ఏదైనా మొక్క ఫోటో మారిస్తే ఒకసారి మారుతోంది, ఒకసారి మారడం లేదు, కొందరికి కొత్తది, కొందరికి పాతది కనిపిస్తోంది.

ఇవి రెండు వేర్వేరు సమస్యలండి. మొదటిది ఫోటో వెడల్పులకి సంబంధించింది, రెండోది ఫైలు పేర్లకి సంబంధించింది. మొదటిదాన్ని కాష్ బాగుచేయలేదు. మీ లింకు వాట్సాప్‌లో అందుకుని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మొదటిసారి తెరిచే కాంట్రాక్టర్ ఫోన్లో మీ సైటు తాలూకు కాష్ ఏమీ ఉండదు. పేజీ కాష్ ప్లగిన్ చేసేదల్లా సర్వర్ ప్రతిసారీ పేజీని కొత్తగా అల్లకుండా, ముందే అల్లిపెట్టిన హెచ్‌టీఎంఎల్‌ని, అంటే పేజీ కోడ్‌ని, అందించడం. దానివల్ల ఫోటో బరువు ఒక్క కిలోబైటు కూడా తగ్గదు. కాబట్టి ముందు వెడల్పులు సరిచేయండి, తర్వాత ఫార్మాట్, నాణ్యత చూడండి, కాష్ ఆఖర్న. ఈ వరుస తిరగేస్తే తప్పు సైజు ఫోటోలనే ఏడాదిపాటు భద్రంగా దాచిపెట్టినట్టవుతుంది.

ముందు కొలిచి చూడండి

కంప్యూటర్‌లో క్రోమ్‌తో కేటలాగ్ పేజీ తెరిచి, ఒక మొక్క ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. పైన ఫోన్ బొమ్మ ఉన్న బటన్‌తో తెరని ఫోన్ సైజుకి మార్చి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. ఇప్పుడు ఇమేజ్ ట్యాగ్ చిరునామా మీద మౌస్ పెడితే రెండు కొలతలు కనిపిస్తాయి: తెర మీద ఫోటో ఆక్రమించిన సైజు, ఫైలు అసలు సైజు. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర మీద రెండు నిలువు వరుసల కార్డులుంటే ఒక్కో ఫోటోకి దక్కేది 180 లోపే. ఈ రోజుల్లో ఫోన్ల సాంద్రత, అంటే పేజీ లెక్కలోని ఒక్కో పిక్సెల్ వెడల్పులో పట్టే అసలు చుక్కలు, 2 నుంచి 3 దాకా ఉంటుంది కాబట్టి నిజంగా కావలసిన వెడల్పు 360 నుంచి 540 పిక్సెళ్లు. అక్కడ 1536 గానీ 1920 గానీ కనిపించిందంటే, ఒక్క గులాబీ మొక్క కోసం లారీ కట్టించుకుంటున్నట్టే లెక్క. మీరు ఎంత కంప్రెస్ చేసినా లారీ లారీయే.

వెడల్పు మూడో వంతుకి తగ్గితే ఎత్తూ మూడో వంతవుతుంది, పిక్సెళ్లు తొమ్మిదో వంతవుతాయి. నాణ్యతని 82 నుంచి 70కి దించితే ఇంత లాభం ఎప్పటికీ రాదు. అందుకే కంప్రెషన్ ప్లగిన్ వల్ల మీకు తేడా కనిపించలేదు.

వర్డ్‌ప్రెస్ నిలువు ఫోటోలని ఏం చేస్తుంది

నర్సరీలకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. ఒక ఫోటో అప్‌లోడ్ చేయగానే వర్డ్‌ప్రెస్ 150×150 కత్తిరింపు కాపీ ఒకటి తీస్తుంది. ఆపైన 300, 768, 1024, 1536, 2048 కొలతల్లో కాపీలు తీస్తుంది. ఫోటో 2560 కన్నా పెద్దదైతే ఆ కొలతకి దించి, పేరు చివర ‘స్కేల్డ్’ అని తగిలించి, దాన్నే పూర్తి సైజుగా వాడుతుంది. ఈ 2560 పద్ధతీ, 1536, 2048 సైజులూ 2019లో 5.3 వెర్షన్‌తో వచ్చాయి. మీరు ఎక్కించిన అసలు ఫైలు కూడా సర్వర్ మీద అలాగే ఉంటుంది.

అయితే ఈ అంకెలు వెడల్పులు కావు, పెట్టెలు. 1024 అంటే 1024×1024 పెట్టెలో పట్టేంత అని అర్థం. ఒక్క 768 మాత్రమే నిజంగా వెడల్పు, దానికి ఎత్తు పరిమితి లేదు. మీరు అరెకా పామ్‌నీ, అశోకనీ ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తారు కదా, ఆ ఫోటో 3000×4000 అనుకుందాం. 300 పెట్టెలో అది 225×300 అవుతుంది. 768 వెడల్పుతో 768×1024 అవుతుంది. 1024 పెట్టెలోనూ మళ్లీ అదే 768×1024. 1536 పెట్టెలో 1152 వెడల్పు, 2048 పెట్టెలో 1536 వెడల్పు, 2560 పెట్టెలో 1920 వెడల్పు. అంటే నిలువు ఫోటోకి 225 తర్వాత దొరికేది ఏకంగా 768. మీ కార్డుకి కావలసిన 360–540 శ్రేణిలో ఒక్క ఫైలూ లేదు. బ్రౌజర్ 225ది తీసుకుంటే ఆకులు మసకబారతాయి, 768ది తీసుకుంటే అవసరానికి మించి దిగుమతి అవుతుంది. అడ్డంగా తీసిన పచ్చిక ఫోటోలు బాగా కనిపించి, నిలువుగా తీసిన పామ్ మొక్కలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయంటే కారణం కెమెరా కాదు, ఈ ఖాళీ.

దీనికి మందు చిన్నదే. చైల్డ్ థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే థీమ్‌కి మీరు విడిగా పెట్టుకునే అనుబంధం) ఫంక్షన్స్ ఫైలులో ‘యాడ్ ఇమేజ్ సైజ్’ ఫంక్షన్‌తో రెండు సైజులు కలపండి: వెడల్పు 400, ఎత్తు 0, వెడల్పు 600, ఎత్తు 0. ఎత్తు 0 అంటే పరిమితి లేదని. క్రాప్, అంటే కత్తిరింపు, పెట్టకండి. అసలు థీమ్ ఫైలులో రాస్తే తర్వాతి అప్‌డేట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి చైల్డ్ థీమ్‌లోనో చిన్న సొంత ప్లగిన్‌లోనో రాయాలి.

క్రాప్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. కార్డులన్నీ ఒకే ఆకారంలో ఉండాలని చాలామంది డెవలపర్లు 600×600 హార్డ్ క్రాప్ పెడతారు. దాంతో రెండు నష్టాలు. ఒకటి, పామ్ మొక్కకి పైన మొవ్వూ, కింద మట్టి కవరూ రెండూ తెగిపోతాయి. కొనేవాడు చూసేదే కవరు సైజు, మొక్క ఎత్తు. రెండోది బయటికి కనపడదు: వర్డ్‌ప్రెస్ సోర్స్‌సెట్ (ఒకే ఫోటో వేర్వేరు సైజు కాపీల జాబితా) తయారుచేసేటప్పుడు ఒకే నిష్పత్తి ఉన్న కాపీలనే కలిపి ఇస్తుంది. 600×600 కాపీకి 3:4 నిష్పత్తిలో ఉన్న 768×1024 జతకాదు. కాబట్టి బ్రౌజర్‌కి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు, చిన్న ఫోనుకీ పెద్ద తెరకీ అదే ఒక్క ఫైలు పోతుంది. చతురస్రం తప్పదనుకుంటే 400×400, 800×800 కూడా జతగా పెట్టాలి. నరసాపురం లేసు అమ్మే సైటుకి అది బాగానే కుదురుతుంది, అక్కడ డిజైన్ మధ్యలోనే ఉంటుంది. మొక్కలకి మాత్రం క్రాప్ లేని కాపీ తీసుకుని, సీఎస్‌ఎస్‌లో, అంటే పేజీ రూపాన్ని చెప్పే కోడ్‌లో, కార్డుకి 3:4 నిష్పత్తి ఇచ్చి, ఫోటోని పెట్టెలో ఇమిడ్చే ఆబ్జెక్ట్ ఫిట్‌తో సర్దడమే మేలు.

సైజులు ఉన్నంత మాత్రాన సరిపోదు

సోర్స్‌సెట్ అంటే బ్రౌజర్‌కి ఇచ్చే మెనూ. ఏది తీసుకోవాలో తెలియాలంటే ఫోటో తెర మీద ఎంత వెడల్పున కూర్చుంటుందో కూడా చెప్పాలి, అది సైజెస్ అనే గుణం పని. వర్డ్‌ప్రెస్ తనంతట తాను రాసేది ‘చిన్న తెరల్లో పూర్తి వెడల్పు’ అని. మీ కార్డు సగం వెడల్పే అయినా బ్రౌజర్ దానికి రెట్టింపు ఊహించుకుని పెద్ద ఫైలు తెస్తుంది. థీమ్ రాసినవాళ్లతో చెప్పి, 600 పిక్సెళ్ల లోపు తెరకి 50 వీడబ్ల్యూ (తెర వెడల్పులో 50 శాతం), నాలుగు నిలువు వరుసలున్న పెద్ద తెరకి 25 వీడబ్ల్యూ అని కార్డు టెంప్లేట్‌లో రాయించండి. 400, 600 సైజులు చేర్చి ఈ పని వదిలేస్తే సగం ఫలితం కూడా రాదు.

6.7 వెర్షన్ నుంచి లేజీ లోడ్ అయ్యే (పేజీ జరుపుతూ వాటి దగ్గరికి వచ్చినప్పుడే దిగే) ఫోటోలకి వర్డ్‌ప్రెస్ సైజెస్‌లో ‘ఆటో’ అని చేరుస్తోంది. దాన్ని గుర్తించే బ్రౌజర్లు లేఅవుట్ చూసి అసలు వెడల్పు తామే లెక్కగట్టుకుంటాయి. కానీ పేజీ పైభాగంలో వెంటనే కనిపించే ఫోటోలు లేజీగా లోడ్ కావు, కాకూడదు కూడా. వాటికి మీరు రాసిన విలువే దిక్కు. కాబట్టి ఆటో ఉంది కదా అని ఊరుకోవద్దు.

ఇంకో రెండు చోట్ల సోర్స్‌సెట్ అసలే రాదు. పేజీ బిల్డర్‌లో సెక్షన్‌కి బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన ఫోటో సీఎస్‌ఎస్ ద్వారా వస్తుంది, దానికి ఒకే చిరునామా. మీ హోమ్ పేజీ పైన షేడ్ నెట్ కింద వరసగా మొక్కలున్న పెద్ద బ్యానర్ ఇలాగే ఉండొచ్చు. అలాగైతే ఫోనుకీ అదే 2560 ఫైలు పోతోంది. వర్డ్‌ప్రెస్ కవర్ బ్లాక్ మామూలుగా ఇమేజ్ ట్యాగ్‌నే వాడుతుంది, కానీ ‘ఫిక్స్‌డ్ బ్యాక్‌గ్రౌండ్’ టిక్ పెడితే అది కూడా సీఎస్‌ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా మారిపోతుంది. ఆ టిక్ తీసేయండి. రెండో చోటు, పాత సైటు నుంచి కాపీ చేసి అతికించిన పోస్టులు. వర్డ్‌ప్రెస్ ఫోటోని గుర్తుపట్టేది ఇమేజ్ ట్యాగ్‌లో ఉండే మీడియా నంబరు క్లాస్‌తో. అది లేకపోతే ఎన్ని కాపీలున్నా వాటిని జతచేయదు. అలాంటి ఫోటోలని ఎడిటర్‌లో తీసేసి, మీడియా లైబ్రరీ నుంచి మళ్లీ పెట్టడం ఒక్కటే శుభ్రమైన దారి.

బ్యానర్ గురించి ఇంకొక్క మాట. పేజీలో అతి పెద్దగా కనిపించే అంశం తెర మీదికి వచ్చే సమయాన్ని గూగుల్ ఎల్‌సీపీ అంటుంది, 2.5 సెకన్ల లోపు ఉంటే మంచిదని లెక్క. మీ సైటులో ఆ అంశం ఈ బ్యానరే అయివుంటుంది. 5.9 నుంచి వర్డ్‌ప్రెస్ మొదటి ఫోటోకి లేజీ లోడింగ్ పెట్టడం మానేసింది, 6.3 నుంచి దానికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వమని బ్రౌజర్‌కి చెబుతోంది. అయితే కాష్ ప్లగిన్‌లో ఉండే విడి లేజీ లోడ్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఈ మేలంతా పోతుంది, జావాస్క్రిప్ట్ వచ్చేదాకా బ్యానర్ మొదలే కాదు. ప్లగిన్‌లోని లేజీ లోడ్ ఆపేయండి, వర్డ్‌ప్రెస్ సొంతంగా చేసేది చాలు. రెండూ కలిపి నడపడం వల్ల వచ్చేది నష్టమే.

అప్‌లోడ్‌కి ముందు

ఫోన్లో 12 మెగాపిక్సెల్ ఫోటో 4000×3000 ఉంటుంది. సర్వర్ దాన్ని చిన్నది చేయాలంటే ముందు పూర్తిగా విప్పి మెమరీలో పరచాలి, పిక్సెల్‌కి దాదాపు 4 బైట్లు. 1.2 కోట్ల పిక్సెళ్లకి 4.8 కోట్ల బైట్లు, అంటే సుమారు 48 ఎంబీ. అదే ఫోన్లో 50 మెగాపిక్సెల్ మోడ్ ఆన్ చేసి తీస్తే 5 కోట్ల పిక్సెళ్లు, దాదాపు 200 ఎంబీ. చాలా సైట్లు ఒకే సర్వర్‌ని పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో పీహెచ్‌పీకి (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) దక్కే మెమరీ 128 ఎంబీ అయితే పని మధ్యలోనే ఆగిపోతుంది. సర్వర్ ఫోటోని ప్రాసెస్ చేయలేకపోయిందని సందేశం వస్తుంది, కొన్ని కాపీలు తయారై కొన్ని కావు. ఫైలు 6 ఎంబీయే కదా, అప్‌లోడ్ పరిమితి 64 ఎంబీ ఉంది కదా అని ఆశ్చర్యపోతారు. అడ్డం పడేది ఫైలు బరువు కాదు, పిక్సెళ్ల సంఖ్య.

కాబట్టి అప్‌లోడ్‌కి ముందే పొడుగు వైపు 2400 పిక్సెళ్లకి దించండి. 2560 కంటే తక్కువ కాబట్టి వర్డ్‌ప్రెస్ అదనంగా స్కేల్డ్ కాపీ తీయదు, సర్వర్ మీద వాడని 4 ఎంబీ ఫైళ్లు పేరుకోవు. ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మార్చవచ్చు. రీసైజ్, ఆటో రొటేట్, జేపెగ్ నాణ్యత 90. ఇక్కడ 90 ఉంచడానికి కారణం, సర్వర్ దాన్ని మళ్లీ కంప్రెస్ చేస్తుంది. రెండుసార్లూ గట్టిగా నొక్కితే ఈత, కొబ్బరి మట్టల అంచుల చుట్టూ ఆకాశం మురికిగా కనిపిస్తుంది.

తోటలో పనివాళ్లు తీసిన ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600కి కుదించుకుపోయి, ఒకసారి కంప్రెస్ అయ్యే వస్తాయి. కార్డుకి అది చాలు, జూమ్ చేసి ఆకు చూడటానికి చాలదు. డాక్యుమెంట్‌గా పంపమనండి. అలా పంపితే ఫోటోలో దాగిన జీపీఎస్ స్థానం కూడా చెక్కుచెదరకుండా వస్తుంది. నర్సరీ చిరునామా ఎలాగూ అందరికీ తెలిసినదే కాబట్టి నష్టం లేదు, కానీ ఇంటి దగ్గర తీసిన ఫోటోలుంటే మార్చేటప్పుడే ఈ దాగిన సమాచారాన్ని, అంటే మెటాడేటాని, తీసేయండి.

మెటాడేటా తీసేటప్పుడు రంగుల ప్రొఫైల్‌ని మాత్రం గుడ్డిగా చెరిపేయొద్దు. ఐఫోన్ ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి. ప్రొఫైల్ పోతే బ్రౌజర్ ఆ అంకెలని మామూలు ఎస్‌ఆర్‌జీబీగా చదువుతుంది, ఎర్ర మందారం వెలిసినట్టుంటుంది, క్రోటన్ ఆకుల్లో నారింజ ఛాయ మందగిస్తుంది. సర్వర్ మీద ఫోటోలు మార్చేది జీడీ లైబ్రరీ అయితే అది ప్రొఫైల్‌ని వదిలేస్తుంది, ఇమేజిక్ అయితే నిలుపుతుంది. మీ సర్వర్‌లో ఏదుందో టూల్స్‌లో సైట్ హెల్త్, అందులో ఇన్ఫో, మీడియా హ్యాండ్లింగ్ తెరిస్తే కనిపిస్తుంది. జీడీ అయితే అప్‌లోడ్‌కి ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి పెట్టుకోండి. పువ్వు రంగు ఫోటోలో ఒకలా, లారీ దిగాక ఇంకోలా ఉందని కొన్నవాళ్లు గొడవపడకుండా ఉండాలంటే ఇది చేసి తీరాలి.

ఫైలు పేరు ఇంగ్లిషు చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీతతో పెట్టండి. తెలుగులో పెడితే ఒక్కో అక్షర సంకేతం చిరునామాలో తొమ్మిది గుర్తులుగా విస్తరిస్తుంది, హోస్టింగ్ మారేటప్పుడు జిప్ విప్పితే పేర్లు చెడిపోయి ఫోటోలు దొరకకుండా పోయే అవకాశం ఎక్కువ. మొక్క తెలుగు పేరు ఫోటోకి జతచేసే వివరణలోనూ, అంటే ఆల్ట్ టెక్స్ట్‌లోనూ, శీర్షికలోనూ రాయండి, వెతికేవాళ్లకి పనికొచ్చేది అదే.

ఫార్మాట్, నాణ్యత

ఇది క్లుప్తంగా. జేపెగ్‌కి వర్డ్‌ప్రెస్ మామూలు నాణ్యత 82, అది అలాగే ఉంచండి. వెబ్‌పీ అనే కొత్త ఫోటో ఫార్మాట్‌కి మారితే సాధారణంగా పావు నుంచి మూడో వంతు దాకా బరువు తగ్గుతుంది. వర్డ్‌ప్రెస్ 5.8 నుంచి వెబ్‌పీ, 6.5 నుంచి ఇంకో కొత్త ఫార్మాట్ ఏవీఐఎఫ్ అప్‌లోడ్ అవుతాయి, సర్వర్ లైబ్రరీ సహకరిస్తే. ఏవీఐఎఫ్ ఇంకా చిన్నదే గానీ ఎన్‌కోడ్ చేయడానికి ప్రాసెసర్ బాగా కావాలి. షేర్డ్ హోస్టింగ్‌లో 1,200 ఫోటోలకి ఆ పని పెడితే హోస్టింగ్ వాళ్లు అకౌంట్‌ని నెమ్మదింపజేస్తారు. మీకు వెబ్‌పీ చాలు. ఆకులు, గడ్డి నిండిన ఫోటోల్లో సన్నని వివరం చాలా ఉంటుంది కాబట్టి, ఖాళీ గోడ ముందు తీసిన ఫోటో కంటే అవి ఎప్పుడూ బరువుగానే వస్తాయి. మొక్క వెనక సాదా గుడ్డ పట్టుకుని తీస్తే అదే సైజులో ఫైలు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది, మొక్క కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఏ ప్లగిన్ ఇవ్వలేని లాభం ఇది.

పాత ఫోటోలకి కొత్త కాపీలు

కొత్త సైజులు కలిపాక అవి ఇకమీదట ఎక్కించే ఫోటోలకే వర్తిస్తాయి. ఉన్న 1,200 ఫోటోలకి కాపీలు మళ్లీ తీయాలి. రీజెనరేట్ థంబ్‌నెయిల్స్ ప్లగిన్ ఈ పని చేస్తుంది, కానీ అది బ్రౌజర్ ట్యాబ్ తెరిచి ఉన్నంతసేపే నడుస్తుంది. వానాకాలం కరెంటు పోయి వైఫై ఆగితే పనీ అక్కడే ఆగుతుంది. హోస్టింగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌కి నేరుగా కమాండ్లు ఇచ్చే దారి) ఉంటే, వర్డ్‌ప్రెస్ కమాండ్ల పనిముట్టు డబ్ల్యూపీ సీఎల్‌ఐలోని మీడియా రీజెనరేట్ కమాండ్‌ని ‘ఓన్లీ మిస్సింగ్’ ఆప్షన్‌తో రాత్రిపూట నడపండి. లేని కాపీలనే తీస్తుంది, ఉన్నవాటిని ముట్టదు. మధ్యలో ఆగినా మళ్లీ మొదలుపెడితే మిగిలినవాటి నుంచే సాగుతుంది.

ముందుగా అప్‌లోడ్స్ ఫోల్డర్ బ్యాకప్ తీసుకోండి. అసలు ఫైళ్లని స్థలం కోసం ఇంతకుముందే ఎవరైనా చెరిపేసి ఉంటే, కొత్త కాపీలు స్కేల్డ్ ఫైలు నుంచి తీయాలి, అదీ లేకపోతే ఆ ఫోటోలు తప్పుతాయి. ఆ జాబితా రాసిపెట్టుకోండి.

వాడని పాత సైజులని చెరిపే ఆప్షన్‌ని మొదటిరోజే నొక్కకండి. పోస్టులో ఫోటో పెట్టినప్పుడు వర్డ్‌ప్రెస్ ఆ సైజు ఫైలు పూర్తి చిరునామానే డేటాబేస్‌లో రాసుకుంటుంది, 768×1024 అని పేరులో ఉన్నది ఉన్నట్టుగా. ఆ సైజు చెరిపేస్తే ఆ పోస్టుల్లో ఫోటో స్థానంలో విరిగిన బొమ్మ మిగులుతుంది. దాంతోపాటు పేజీ కాష్‌లో పాత హెచ్‌టీఎంఎల్ ఉంటుంది, అదీ పాత చిరునామాలనే అడుగుతుంది. కాబట్టి కొత్త కాపీలు తీయడం, పేజీ కాష్ ఖాళీ చేయడం, సీడీఎన్ (మీ ఫైళ్ల కాపీలు దాచి అందించే బయటి సర్వర్లు) ఉంటే అక్కడా ఖాళీ చేయడం, వారం పదిరోజులు 404 లాగులు (దొరకని ఫైళ్ల చిట్టా) గమనించడం, అప్పుడు చెరపడం. ఈ వరుస తప్పొద్దు.

చెరపడం అవసరమా అంటే, ఫైళ్ల లెక్క చూడండి. నిలువు ఫోటో ఒక్కదానికి అసలుది, స్కేల్డ్, ఇంకా అయిదారు కాపీలు. థీమ్ తన సొంత సైజులు నాలుగైదు కలిపితే డజను దాటుతుంది. 1,200 ఫోటోలకి 15,000 ఫైళ్లకి దగ్గర. చౌక హోస్టింగ్ ప్లాన్లలో డిస్కు స్థలం మిగిలే ఉన్నా ఫైళ్ల సంఖ్య పరిమితి, అదే ఐనోడ్ లిమిట్, ముందు నిండిపోతుంది. బ్యాకప్ కూడా అందుకే ఆగిపోతుంది. థీమ్ రిజిస్టర్ చేసి ఎక్కడా వాడని సైజులుంటే ముందు వాటిని ఆపండి. సెట్టింగ్స్‌లో మీడియా పేజీలో ఉన్న మూడు సైజుల్లో అక్కర్లేనిదానికి 0 పెడితే అది ఇక తయారుకాదు.

పాత ఫోటో ఎందుకు కనిపిస్తోంది

ఇప్పుడు మీ రెండో సమస్య. ఫోటోకి కాష్ ఏడాది పెట్టడం తప్పు కాదు, అదే సరైన పద్ధతి. మ్యాక్స్ ఏజ్ 31536000 సెకన్లు, పక్కన ఇమ్యూటబుల్ అనే మాట. అర్థం ఏమిటంటే, ఈ చిరునామాలో ఉన్న ఫోటో ఎన్నటికీ మారదని మీరు బ్రౌజర్‌కి మాటిస్తున్నారు. ఆ తర్వాత అదే చిరునామాలో వేరే ఫోటో పెడితే మాట తప్పింది మీరు, బ్రౌజర్ కాదు. ఒకసారి ఆ ఫోటో దింపుకున్న ఫోన్ మళ్లీ మీ సర్వర్‌ని అడగనే అడగదు. సర్వర్‌లో కాష్ ఎన్నిసార్లు ఖాళీ చేసినా ఆ ఫోన్లోది అలాగే ఉంటుంది.

ఒకసారి మారుతుంది, ఒకసారి మారదు అన్నారు. కారణం ఇది కావచ్చు. మామూలుగా వర్డ్‌ప్రెస్ ఉన్న ఫైలు మీద ఇంకొకటి రాయదు, అదే పేరుతో మళ్లీ ఎక్కిస్తే చివర 1 అంకె చేర్చి కొత్త పేరు పెడుతుంది. కానీ మీరు పాతది డిలీట్ చేసి, అదే పేరుతో కొత్తది ఎక్కిస్తే ఆ పేరు ఖాళీగా ఉంది కాబట్టి అదే పేరు దక్కుతుంది. అప్‌లోడ్ ఫోల్డర్లు సంవత్సరం, నెల వారీగా ఉంటాయి. పాతదీ కొత్తదీ ఒకే నెలలో ఎక్కిస్తే చిరునామా అచ్చంగా అదే, కాబట్టి పాత ఫోటో కనిపిస్తుంది. నెల మారాక ఎక్కిస్తే ఫోల్డర్ మారి చిరునామా కొత్తదవుతుంది, కొత్త ఫోటో వెంటనే వస్తుంది. ఫోటో మార్పిడి ప్లగిన్లు కూడా పేరు నిలిపే ఆప్షన్‌లో ఇదే చిక్కు తెస్తాయి. వాటిలో పేరు మార్చి, లింకులన్నీ సవరించే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి.

నియమం ఒక్కటి పెట్టుకోండి: ఫోటో మారితే ఫైలు పేరూ మారాలి. మొక్క పేరు, కవరు సైజు, తేదీ కలిపి పేరు పెట్టే అలవాటు చేస్తే ఎవరు ఎక్కించినా గొడవ రాదు. మీడియా లైబ్రరీలోనే క్రాప్ చేసినా తిప్పినా వర్డ్‌ప్రెస్ తానే పేరు చివర ఒక సంఖ్య చేరుస్తుంది, దానికి భయం లేదు.

హెచ్‌టీఎంఎల్‌కి మాత్రం ఇంత పొడుగు కాష్ పెట్టకూడదు. పేజీయే పాతదైతే కొత్త ఫోటో పేరు బ్రౌజర్‌కి తెలిసే దారే ఉండదు. పేజీకి బ్రౌజర్ కాష్ 0 గానీ కొద్ది నిమిషాలు గానీ, ఫోటోకి ఏడాది. ధరల పట్టిక ఉన్న పేజీకి ఇది మరీ ముఖ్యం.

మీ హోస్టింగ్‌లో ఉన్నది అపాచీ లేదా లైట్‌స్పీడ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయితే హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైలులో ఈ గడువులు రాయవచ్చు, కాష్ ప్లగిన్‌లోని ‘బ్రౌజర్ కాష్’ ఆప్షన్ చేసే పని అదే. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ అయితే ఆ ఫైలుని అసలు చదవదు. ప్లగిన్‌లో టిక్ పెట్టి, అయిపోయిందనుకుంటే ఏమీ జరగదు. హోస్టింగ్ వాళ్లకే చెప్పి సర్వర్ కాన్ఫిగరేషన్‌లో పెట్టించాలి. క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్‌ని సైటు ముందు పెట్టుకుంటే అది ఫోటోల ఎక్స్‌టెన్షన్లు చూసి వాటిని తన దగ్గర దాస్తుంది, హెచ్‌టీఎంఎల్‌ని మీరు చెబితే తప్ప దాయదు. మీ సర్వర్ ఏ గడువూ చెప్పకపోతే ఫోటోని తన దగ్గర రెండు గంటలే ఉంచుతుంది. అందుకని ఏడాది గడువు సర్వర్ నుంచే రావాలి.

సరిచూడటం ఇలా. క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ‘డిసేబుల్ కాష్’ టిక్ తీసి, కేటలాగ్ పేజీ ఒకసారి తెరిచి, ఇంకో పేజీకి వెళ్లి తిరిగి రండి. సైజు అనే నిలువు వరుసలో ‘డిస్క్ కాష్’ లేదా ‘మెమరీ కాష్’ అని ఉంటే బ్రౌజర్ మళ్లీ దిగుమతి చేయడం లేదన్నమాట. ప్రతి ఫోటోకీ 304 (మారలేదు, ఉన్నదే వాడమనే సర్వర్ జవాబు) వస్తుంటే గడువు చేరలేదు, ఫోటో దిగకపోయినా ఒక్కోదానికి సర్వర్ దాకా వెళ్లొస్తోంది. సిగ్నల్ సరిగా అందని లంక గ్రామాల్లో ఆ రాకపోకలకే సమయం పోతుంది. క్లౌడ్‌ఫ్లేర్ హెడర్‌లో హిట్ అని ఉంటే వాళ్ల దగ్గర నుంచి వచ్చినట్టు, మిస్ అని ఉంటే మీ సర్వర్ నుంచి. మొదటిసారి మిస్ రావడం సహజం, రెండోసారీ మూడోసారీ అదే వస్తుంటే సెట్టింగ్ చూడాలి.

వేగం పరీక్ష మీ ఆఫీసు ఫైబర్ మీద కాకుండా మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటో విండోలో చేయండి. అందులో పాత కాష్ ఉండదు, కొత్త కొనుగోలుదారు చూసేది మీరూ చూస్తారు. గూగుల్ వేగ పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ఫలితమే లెక్కలోకి తీసుకోండి.

ఈ పనులన్నీ ఒకేరోజు వద్దు. ముందు బ్యానర్ సరిచేసి, ప్లగిన్ లేజీ లోడ్ ఆపి కొలవండి, అది గంట పని, తేడా వెంటనే తెలుస్తుంది. తర్వాత 400, 600 సైజులు, సైజెస్ గుణం, ఒక పది ఫోటోల మీద ప్రయోగం. అవి బాగుంటే రాత్రికి మొత్తం రీజెనరేట్. ఏడాది కాష్‌ని అన్నిటికన్నా చివర, పేరు మార్చే నియమం మీ సిబ్బందికి అలవాటయ్యాకే ఆన్ చేయండి. పేరు మార్చకుండా ఫోటో మార్చే అలవాటు ఉండగా ఆన్ చేస్తే, అప్పటికే చూసిన ఫోన్లలో పాత ఫోటోని మీరు వెనక్కి తీసుకోలేరు. ఆ పరిస్థితి ఇప్పటికే వచ్చిన ఫోటోలకి దారి ఒక్కటే: కొత్త పేరుతో ఎక్కించి, పేజీల్లో లింకు మార్చి, పేజీ కాష్ ఖాళీ చేయడం.